నీళ్లు పారబోసే మోటారు

శ్రీరంగప్పా, పడమటి సముద్రంలో మునిగిన ఆ పడవ లోపల ఊపిరాడక పోయిన ఆడమనిషిని చంపింది నువ్వు. చదవని కాగితాల మీద శనివారం శనివారం సంతకాలు గీకి పోయే కిరణ్ ఇంజినీరూ, నువ్వు. పెళ్లాం నోరు మూయించడమే మగతనమనుకున్న తిప్పేషూ, నువ్వు. వాన అనొద్దు, సముద్రం అనొద్దు. దారి దొరికితే నీళ్లు లోపలికొస్తాయి, అది నీళ్ల పని. ఆ నీళ్లను బయటికి తోసే మోటారుకు కరెంటు అందేట్టు చూడటం మీ పని. చేయలేదు. చేయకపోగా ఆ చావును మూటగట్టి తెచ్చి, సోమందేపల్లెలో సంగటి కెలుకుతున్న ఒకామె నెత్తిన పెట్టాలని చూశారు.

ఆ ఒకామె పేరు వనజాక్షి. సోమవారం ఉదయం సంగటి గిన్నెను రెండు పాదాలతో అదిమిపట్టి కట్టెతో కెలుకుతూ ఉంది. ఉడుకు మీద చెయ్యి ఆపితే సంగటి గడ్డలు కడుతుంది. ఆ సంగతి తెలిసే ఆమె మొగుడు తిప్పేష్ ఆ వేళ ఎంచుకున్నాడు. ఏదైనా ఒప్పించాలంటే ఆమె రెండు చేతులూ పనిలో ఇరుక్కున్నప్పుడే అడుగుతాడు. పదమూడేళ్లుగా అంతే. చెయ్యి విడిపించుకుని నిలబడి జవాబు చెప్పే వీలు ఆమెకు ఎప్పుడూ ఇవ్వలేదు.

"సంతకమే కదే," అన్నాడు గడపలో నిలబడి. "కిడ్నీ ఏమన్నా కోసియ్యమంటాండామా?"

కాగితం గట్టు మీద ఉప్పు డబ్బా కింద ఉంది. నిన్నట్నుంచీ అక్కడే ఉంది. చట్నీకి ఉప్పు తీసినప్పుడల్లా ఆమె దాన్ని ఎత్తి, మళ్లీ పెడుతూనే ఉంది.

"ఏమని పెట్టాల సంతకం?"

"నిన్న చదివినావు కదా."

"నీ నోటితో చెప్పు."

"డ్రాయింగు అర్థం కాక ఒక బోర్డులో తీగ తప్పు కట్టినానని. అంతే. దాంట్లో ఏం పోతాది నీకు?"

"నాకు డ్రాయింగు అర్థం కాలేదా?"

తిప్పేష్ నవ్వాడు. కోపంగా కాదు, చిన్నపిల్ల మారాం చేస్తే నవ్వినట్టు. "అర్థమైందో కాలేదో ఎవునికి కావాలమ్మే? లైన్ ఇన్‌ఛార్జ్ నేను. నా పేరు పడితే ఉద్యోగం ఊడుతాది, కేసు పడుతాది, ఊర్లో తలెత్తుకునేకి ఉండదు. నీకేముండాది? నీకు పేరు యాడిది పోయేకి?"

వసారాలో శెనక్కాయలు వొలుస్తున్న అత్త నాగలక్ష్మమ్మ తల తిప్పకుండానే అందుకుంది. "వాడు అడిగేదాంట్లో తప్పేముంది పాపా? నువ్వు పనికి పోకుంటే ఇంట్లో ఉంటావు. నాకూ మోకాళ్లు పట్టేసినాయి, నీళ్లు మోసే మనిషి కావాల. వాడు జైలుకు పోతే? హాస్టల్లో ఉండే పిల్లకు మొగం యాడ పెట్టుకుని చెప్తావు?"

ఎంత తీరుగా సర్దేశారో చూడండి. కొడుకు జైలు తప్పుతుంది, అత్తకు నీళ్లు మోసే మనిషి దొరుకుతుంది. కోడలు ఒక్క సంతకం గీకితే ఇంటిల్లిపాదికీ లాభమే. ఆ ఇంటిల్లిపాదిలో కోడలు లేదు.

వనజాక్షి సంగటి ముద్దలు చేసింది, ఊరిబిండి పచ్చడి నూరింది, ఇద్దరికీ వడ్డించింది. మనసులో మాత్రం ఒకే మాట తిరుగుతోంది. నీకు పేరు యాడిది. నిజమే. వాళ్లు పనిచేసే షెడ్డు నుంచి బయటికి పోయే ప్రతి బోర్డుకూ ఒక టెస్టు కాగితం ఉంటుంది. 'చూసినవారు' అన్నచోట తిప్పేష్. 'ఆమోదించినవారు' అన్నచోట కిరణ్. 'కట్టినవారు' అన్నచోట రెండో లైను. ఆమె పేరు ఎప్పుడూ రెండో లైనే. ఆరేళ్లలో ఆ షెడ్డు కాగితం మీద 'వనజాక్షి' అని అచ్చుపడటం ఇదే మొదటిసారి. చావు మోయడానికి మనిషి కావాల్సి వచ్చినప్పుడు పేరు గుర్తొచ్చింది.

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. హైవే పక్కన రేకుల షెడ్డు, యజమాని శ్రీరంగప్ప. లోపల నలభై మంది ఆడవాళ్లు పడవలకు కరెంటు బోర్డులు కడతారు. చేపల పడవలు కాదు, తెరచాప పడవలు. డబ్బున్నవాళ్లు వాటిలో పరుపులు, పొయ్యి, ఫ్రిజ్జు పెట్టుకుని నెలల తరబడి సముద్రం మీద తిరుగుతారు. బోర్డులు పెట్టెల్లో పడమటి ఒడ్డున పడవలు తయారుచేసే ఒక యార్డుకు పోతాయి, అక్కడ పడవల్లో బిగిస్తారు. ఈ నలభై మందిలో సముద్రం చూసిన మనిషి ఒక్కతి లేదు. వాళ్లు చూసిన పెద్ద నీళ్లంటే వాన పడిన ఏడాది బుక్కపట్నం చెరువు. పెద్ద మనుషులు షెడ్డు చూడ్డానికి వస్తే శ్రీరంగప్ప ఆడవాళ్ల చేతులు చూపిస్తాడు. "మా ఆడోళ్లు కనకాంబరాలు కట్టినట్ల కడ్తారు సార్ తీగల్ని!" వచ్చినవాళ్లు ఫొటో తీసుకుంటారు. పూలు కట్టే మనిషిని ఆ దారం ఎంత బరువు మోస్తుందని ఎవరూ అడగరు. తీగ అలా కాదు. సన్నం తీగకు ఎక్కువ కరెంటు పెడితే కాలుతుంది. వదులుగా బిగిస్తే కాలుతుంది. సముద్రం మీద కాలితే దిగి పరిగెత్తడానికి నేల ఉండదు. ఇదంతా వనజాక్షి ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంది.

చిన్నప్పుడు ఆమె నాయన కుళ్లాయప్ప కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టేవాడు. "కొడుకు లేకపాయె నాకు" అని రోజూ ఏడుస్తూనే కూతురితో చుట్టించేవాడు. పదో తరగతి దాకా ఆమె చుట్టిన మోటార్లు ఎన్నో. గిరాకీలు మాత్రం "కుళ్లాయప్ప చుట్టిన మోటారు" అనే చెప్పుకున్నారు. ఆ చేతులతోనే షెడ్డుకొచ్చింది. ఒకరోజు యార్డు నుంచి ఖాళీ పెట్టెలు తిరిగొస్తే, ఒకదాంట్లో ఇంగ్లీషు పుస్తకం కనబడింది. పడవ కొన్నవాళ్లకు ఇచ్చే పుస్తకం. పడవలో కరెంటు ఎట్లా వస్తుంది, ఎట్లా పోతుంది, దాన్ని ఎట్లా వాడుకోవాలి అని రాసి ఉంది. చెత్తలో వేయబోతుంటే ఆమె సద్ది డబ్బా కింద పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. గిన్నెలు కడిగాక రోజుకో పేజీ. ఫోను పేజీని చూసి తెలుగు చేస్తుంది, ఆ తెలుగు ఏ ఊరి తెలుగో ఆ ఫోనుకే తెలియాలి. అయినా బొమ్మలు ఉన్నాయి, గీతలు ఉన్నాయి. గీతలు ఆమెకు అర్థమవుతాయి.

బ్యాటరీలు రెండు వేరువేరుగా ఎందుకుంటాయో అర్థమైన రోజు ఆమె పొయ్యి ముందు కూర్చుని నవ్వుకుంది. ఆ ఇంట్లో రెండు డ్రమ్ములుంటాయి. ట్యాంకరు ఎనిమిది రోజులకోసారి వస్తుంది. తాగే డ్రమ్ములో ముఖం కడగడానికి చెంబు ముంచితే నాగలక్ష్మమ్మ చెయ్యి విరగ్గొడుతుంది. వాడుకునే డ్రమ్ము వేరే. పడవలోనూ అంతే కదా! ఇంజను స్టార్టు చేసే బ్యాటరీ తాగే డ్రమ్ము. దాన్ని ముట్టకూడదు, ముట్టుకుంటే అవసరానికి ఇంజను లేవదు. దీపాలకు, ఫ్రిజ్జుకు, రేడియోకు ఉన్న రెండో బ్యాటరీ వాడుకునే డ్రమ్ము. అది సగానికి దిగకముందే మళ్లీ నింపాలి. పైనున్న సోలారు పలకలు నింపుతాయి, మబ్బు పడితే ఇంజను నింపుతుంది. ఎంత వస్తుందో చూసుకుని అంతలోనే బతకాలి. చెంబుతో కొలిచి బతికిన మనిషికి దీన్ని ఇంగ్లీషులో చెప్పాలా? అదే ఆమెను కుదిపేసింది. పుట్టినప్పట్నుంచీ తాను చేస్తున్నది ఇదే. ఇంట్లో చేస్తే దాన్ని ఒక్కడూ పని అనలేదు. పడవలో చేస్తే దానికి చదువుంది, కొలిచే మీటరుంది, పుస్తకం ఉంది.

అందుకే తానూ ఒక నోటు పుస్తకం రాసింది. లైనులోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం, తెలుగులో, డ్రమ్ముల బొమ్మలేసి మరీ. నెల తిరక్కముందే దాన్ని తిప్పేష్ శ్రీరంగప్ప బల్ల మీద పెట్టాడు. "నేనే రాసినాన్నా, మా ఆడోళ్లకు ఇట్ల చెప్తే గాని ఎక్కదు." ఇన్‌ఛార్జి పదవి అలా వచ్చింది. ఆమె అడిగితే, "నీది నాది ఏందే? మనం వేరే వేరేనా?" అన్నాడు. ఆ మాటకు కరిగిపోయింది కూడా. ఆ కరిగిపోవడం తలచుకుంటే ఈ రోజు ఆమెకు తన మీద తనకే అసహ్యం.

ఇక ఆ మోటారు. పడవ అడుగున నీళ్లు చేరితే తోడి బయట పారబోసే చిన్న మోటారు, బిల్జి పంపు అంటారు షెడ్డులో. ఆమెకు అన్నిటికన్నా ఆలస్యంగా నమ్మకం కుదిరింది దాని మీదే. ఎనిమిది వందల అడుగులు బోరేస్తే దుమ్ము లేచే నేల మీద పుట్టిన మనిషికి, నీళ్లను వెతికి పట్టుకుని పారబోయడానికి ఒక మోటారుందని చెబితే పాపం అనిపించదా? కానీ పుస్తకం మళ్లీ మళ్లీ చదివింది. పడవకు నీళ్లు చుట్టూ ఉంటాయి. ఇంజను నుంచి నీళ్లలో తిరిగే రెక్కకు పోయే కడ్డీ దగ్గర బొట్టు బొట్టుగా కారుతూనే ఉంటాయి. యజమాని పడవ కట్టేసి, మెయిన్ స్విచ్చు ఆర్పేసి, ఇంటికి పోయినా అవి ఆగవు. కాబట్టి అన్నిటికీ కరెంటు స్విచ్చు గుండా పోవాలి గాని, ఈ ఒక్క మోటారుకు మాత్రం బ్యాటరీ నుంచి నేరుగా పోవాలి. ఇల్లంతా నిద్రపోయినా ఇది మేలుకునే ఉండాలి. ఈ మాట ఆమెకు వివరంగా చెప్పనక్కర్లేదు. అందరూ పడుకున్నాక కూడా ఒళ్లు ఒక చెవి తెరుచుకునే ఉండటం ఆమెకు అలవాటే.

పోయిన ఎండాకాలం పన్నెండు బోర్డుల ఆర్డరు వచ్చింది. డ్రాయింగులో బిల్జి పంపు తీగ, ఎరుపు గీత ఉన్న బ్రౌన్ తీగ, నేరుగా బ్యాటరీకి పోతోంది. తిప్పేష్ చూశాడు. అతను పదేళ్లు పల్లెల్లో బోరు మోటార్లు దించి, ఎత్తి బతికినవాడు. నీళ్లు లేని బోరులో మోటారు తిరిగితే కాలిపోతుందని ఈ సీమలో పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. మెయిన్ ఆర్పితే మోటారు చచ్చినట్టు ఆగాలి, ఆగకపోతే ఒక సంసారం మునిగినట్టే. ఆ భయం అతని ఎముకల్లో ఉంది. డ్రాయింగు మీద పెన్నుతో గీత కొట్టేసి, తీగను మెయిన్ స్విచ్చు వెనక్కి మార్చాడు.

"ఇట్ల కడితే తప్పు," అంది వనజాక్షి.

"మెయిన్ ఆఫ్ చేసినాంక మోటారు తిరుగుతాదంట! కాలిపోతే ఎవుని నాయన తెచ్చిస్తాడు?"

"ఇది బోరు మోటారు కాదు. దీనికి తేలే స్విచ్చుండాది. నీళ్లు లేస్తే తిరుగుతాది, అయిపోతే నిలబడుతాది. మనిషి లేనప్పుడే దీనితో పని."

"ఏమ్మా, సముద్రం చూసొచ్చినావా?" లైను మొత్తం నవ్వింది.

"నువ్వు చూసినావా?"

అక్కడ ఆగింది నవ్వు. తిప్పేష్ బోర్డు పలకలు కత్తిరించే మూల నుంచి చీపురు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. నెల రోజులు షెడ్డంతా కసువు ఊడ్చమన్నాడు. పొద్దున ఇంట్లో ఊడ్చి, ఎనిమిదింటికి షెడ్డులో ఊడ్చి, మిగతా ఆడవాళ్లు బల్ల కింద నుంచి కాళ్లెత్తుతుంటే వాళ్ల కింద ఊడ్చి, సాయంత్రం మళ్లీ ఇంట్లో ఊడ్చింది. నెల తర్వాత బల్ల దగ్గరికి రానిచ్చారు. అప్పటికి ఆమెలో నోరున్న భాగం ఊడ్చుకుపోయింది. పన్నెండు బోర్డులకూ ఆ తీగను స్విచ్చు వెనకే బిగించింది. ఆమే బిగించింది. అది తప్పని తెలిసి, తన వేళ్లతో, పన్నెండు సార్లు. కిరణ్ శనివారం బెంగుళూరు నుంచి వచ్చి, టీ తాగి, పన్నెండు టెస్టు కాగితాల మీద నిలబడే సంతకాలు పెట్టి పోయాడు. డ్రాయింగు మీద కొట్టేసిన గీత అతని కంటి ముందే ఉంది.

ఈ వానాకాలం ఫోను వచ్చింది. యార్డులో పెట్టెలు దించుకునే స్టోర్ కీపరు ఎర్రిస్వామి కళ్యాణదుర్గం మనిషి. బోర్డులు చేరినప్పుడల్లా షెడ్డుకు ఫోను చేసేవాడు, ఫోను ఎత్తే పని వనజాక్షిది, అతని నంబరు ఆమె ఫోనులోనూ ఉంది. "అక్కా, నలభై ఆరో నంబరు పడవ మునిగిపాయె. ఓనరు మెయిన్ ఆర్పి ఊరికి పోయినాడు. నాలుగు రోజులు ఒకటే వాన. పంపు తిరగలే. లోపల నీళ్లు చూసి కాంట్రాక్టోళ్లు ఒక క్లీనింగ్ ఆడమనిషిని బక్కెట్టు ఇచ్చి దించినారు, ఎత్తిపొయ్యమని. ఆమె లోపల ఉండంగనే ఒక పక్కకు ఒరిగి మునిగిందక్కా. బయటికి రాలేకపాయె."

"ఆమె పేరేంది?"

"తెల్దక్కా. కాంట్రాక్టోళ్లు పంపిన మనిషి."

ఆ మాట విన్నప్పట్నుంచీ వనజాక్షి ఏ పని చేస్తున్నా రెండు చేతులు కనిపిస్తున్నాయి. తన చేతులు తీగ బిగిస్తున్నాయి. ఇంకొకామె చేతులు బక్కెట్టు ఎత్తిపోస్తున్నాయి. మోటారు చేయాల్సిన పని ఒక ఆడదాని చేత చేయించారు. ఎందుకంటే అది అగ్గువ, కూలి తక్కువ. అగ్గువగా దొరికేది ఎప్పుడూ అంతే, బక్కెట్టూ ఆడదీ.

ఆదివారం శ్రీరంగప్ప ఇంటికే వచ్చాడు. అంతటి మనిషి గడప తొక్కాడని నాగలక్ష్మమ్మ కుర్చీకి దుప్పటి పరిచింది. తన మీద నింద రాసి తెచ్చిన మనిషికి వనజాక్షి కాఫీ పెట్టి ఇచ్చింది. చక్కెర చాలలేదంటే మళ్లీ వేసి తెచ్చింది.

"అమ్మా వనజా, నువ్వు నా చెల్లెలట్ల," అన్నాడతను. "యార్డోళ్లు కారణం అడుగుతాండారు. ఒక మనిషి, ఒక బోర్డు, ఒక పొరపాటు. అట్ల రాసిస్తే ఆడికి ఫైలు మూసేస్తారు. ఆడమనిషి, చదువు తక్కువ అంటే వాళ్లూ గట్టిగా పట్టుకోరు."

"మిగిలిన పదకొండు బోర్డులు?"

శ్రీరంగప్ప కాఫీ ఊదుకున్నాడు. బదులుగా తిప్పేష్ లోపలికి పోయి ఆమె నోటు పుస్తకం తెచ్చి బల్ల మీద పడేశాడు. "ఇదిగోన్నా, దీని రాత. డ్రమ్ములు, చెంబులు! ఇట్లాంటిది డ్రాయింగు చదువుతాదా చెప్పు?" మెప్పు కావాల్సినప్పుడు అది అతని పుస్తకం. నింద వచ్చేసరికి ఆమె పుస్తకం. ఆమె పేజీలు తిప్పింది. బిల్జి పంపు పేజీ లేదు. నేరుగా బ్యాటరీకి గీత గీసి, 'ఇది ఎప్పటికీ ఆరకూడదు' అని రాసిన పేజీ కుట్టు దగ్గర్నుంచి శుభ్రంగా కోసేసి ఉంది. బ్లేడుతో కోశాడు. చింపలేదు, జాగ్రత్తగా కోశాడు. పదమూడేళ్ల కాపురంలో అతను అంత ఓపికగా చేసిన పని ఆమెకు ఇంకొకటి గుర్తు రాలేదు.

ఇదీ సోమవారం దాకా జరిగింది. పదకొండింటికి షెడ్డులో శ్రీరంగప్ప, కిరణ్, తిప్పేష్ బల్ల వేసుకుని కూర్చున్నారు. వనజాక్షిని నిలబెట్టారు. ఇంటి నుంచి తెచ్చిన కాగితం ఆమె చేతిలోనే ఉంది. అంతకుముందు ఆమె లోపలికి రాబోతుంటే కొళాయి దగ్గర కృపాకుమారి చెయ్యి పట్టుకుంది. ఆరేళ్లుగా పక్క బల్ల, ఒకే డబ్బాలో సద్ది తిన్న మనిషి.

"అక్కా, నీ కాళ్లు పట్టుకుంటా, సంతకం పెట్టు. పదకొండు పడవలంటే ఊరుకుంటారా? షెడ్డు మూస్తారు. నేను మళ్లా బెంగుళూరు పోయి ఇటుకలు మోయాల. పోయినామె ఎవరో మనకు తెల్దు. ఉండేది మనం."

వనజాక్షికి కోపం రాలేదు. కృపాకుమారి చెప్పింది అబద్ధం కాదు. అదే భయం వేసింది ఆమెకు. ఒక ఆడదాని కూడు ఇంకో ఆడదాని గొంతు మీద పెట్టి ఉంచుతారు వీళ్లు, ఎవరు కదిలినా రెండోది తెగేట్టు. కుర్చీల్లో కూర్చున్న ముగ్గురి చేతికి మాత్రం చుక్క నెత్తురు అంటదు.

"పెట్టేసేయమ్మా, టైం లేదు," అన్నాడు బల్ల దగ్గర కిరణ్ ఫోను చూసుకుంటూ.

"సార్, పోయినామె పేరేంది?"

"ఏ ఆమె?"

"పడవలో."

కిరణ్ శ్రీరంగప్ప వైపు చూశాడు. శ్రీరంగప్ప తిప్పేష్ వైపు చూశాడు. తిప్పేష్ పళ్లు బిగించి, "దాని పేరు నీకేంటికే?" అన్నాడు.

"ఈ కాగితంలో నా పేరుండాది, చచ్చిపోయినామెది లేదు. ఎవరు చచ్చిపోయినారని నేను ఒప్పుకోవాల? ఒక్క బోర్డని రాసినారు. కట్టింది పన్నెండు. కిరణ్ సార్, పన్నెండింటికీ మీ సంతకముండాది. ఆ పదకొండు పడవల్లో ఈ పొద్దు ఎంతమంది పడుకోనుండారో మీకు తెలుసునా?"

కిరణ్ మొదటిసారి తలెత్తాడు. అతని మొహంలో కనిపించింది తెలియని భయం కాదు, తెలిసినదాని భయం. "వాళ్లకు చెప్తే పదకొండూ వెనక్కి పంపుతారు," అన్నాడు మెల్లగా. "ఎవరూ మెయిన్ ఆర్పకపోతే ఏమీ కాదు. వానలు తగ్గాక సర్వీసింగ్ అని చెప్పి మార్చుకుంటాం."

"వానలు తగ్గినాంక," అంది వనజాక్షి.

తిప్పేష్ లేచాడు. నలభై మంది ముందు చెంప మీద కొట్టాడు. చెవిలో గుయ్‌మని మోగింది. ఒక్కరూ లేవలేదు. కృపాకుమారి తల దించుకుని తీగ కొసకు రాగి బిళ్ల నొక్కుతూనే ఉంది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. శ్రీరంగప్ప మాత్రం విసుక్కున్నాడు. "ఏమప్పా తిప్పేషూ, ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోకూడదా? పనిచేసే చోటు ఇది."

చెంప మండుతుంటే వనజాక్షికి ఒక సంగతి తేటగా కనబడింది. ఈ మనుషులు తనను నమ్మించాలని చూసింది తనకు తెలియదని. ఆరేళ్లుగా, పదమూడేళ్లుగా, కుళ్లాయప్ప కొట్టు నుంచీ అదే. తెలిసిన ఆడదాన్ని తెలియదని ఒప్పించడమే వీళ్ల పని అంతా. ఆమె భయపడిన రోజున తెలిసి కూడా తెలియనట్టు కట్టింది, ఒక మనిషి పోయింది. ఆ పాపంలో తన వాటా తనదే, దాన్ని ఎవరికీ ఇవ్వదు. తెలివి మాత్రం తీసుకుపోనివ్వదు.

కాగితాన్ని బల్ల మీద బోర్లా తిప్పింది. కిరణ్ జేబులోంచి పెన్ను లాక్కుంది. అతను ఇవ్వలేదు, లాక్కుంది. వెనక తెల్లగా ఉన్నచోట రాయడం మొదలుపెట్టింది. సంతకం పెట్టడానికి వంగిందనుకుని ముగ్గురూ ఊపిరి వదిలారు. ఆమె రాస్తూనే ఉంది. రాసి, కింద పూర్తి పేరు పెట్టి, ఫోనుతో ఫొటో తీసి ఎర్రిస్వామికి పంపింది. తిప్పేష్ ఫోను లాక్కుని గోడకేసి కొట్టేలోపల అది పోయింది.

ఆమె రాసింది ఇది:

"ఎర్రిస్వామీ, దీన్ని నీ పెద్ద సార్లకు ఇప్పుడే చదివి వినిపించు. మునిగిన పడవలో తీగ కట్టింది నేనే. డ్రాయింగు అర్థం కాక కాదు. అర్థమయింది, తప్పని చెప్పినాను, చీపురు ఇచ్చినారు, భయపడి కట్టినాను. అట్ల కట్టినవి పన్నెండు. నలభై ఒకటో నంబరు నుంచి యాభై రెండు దాకా. మిగిలిన పదకొండు పడవలోళ్లకు ఈ పొద్దే ఫోన్లు చేయండి. పడవ దిగేటప్పుడు మెయిన్ స్విచ్చు ఆర్పొద్దని చెప్పండి. ఎరుపు గీత ఉన్న బ్రౌన్ తీగను స్విచ్చు వెనక నుంచి పీకండి. మధ్యలో ఫ్యూజు పెట్టి నేరుగా బ్యాటరీకి కట్టండి. చేతనైన మనిషి ఆడ లేకుంటే నన్ను పిలవండి, నేనొచ్చి పదకొండూ కడతాను. మళ్లా ఎవరినీ బక్కెట్టు ఇచ్చి లోపలికి దించొద్దు. పోయినామె పేరు కనుక్కోండి, మీ రిపోర్టులో మొదటి వరసలో రాయండి. కేసు నా మీద పెడతారో, ఎవరి మీద పెడతారో ఆ తర్వాత చూసుకుందాం. ముందు తీగలు మార్చండి."